గొంతులోకి కారే సైనస్‌కి ఇంటి వైద్యం: ఉప్పునీళ్ళా, ఆవిరా, కషాయమా?

పొద్దున లేచింది మొదలు గొంతు సవరించుకోవడం, పడుకోగానే దగ్గు, మింగినా ఉమ్మినా పోకుండా గొంతు వెనక ఏదో అంటుకున్నట్టు ఉండటం. తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే గోడలు చెమ్మగిల్లి బూజు పడుతుంది. ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ మోకాలెత్తు పెరిగి పూస్తుంది. ఆ వెంటే ధనుర్మాసం మంచు. ఈ నాలుగైదు నెలలూ ముక్కు బాధ లేని ఇల్లు తక్కువ. మందు చెప్పనివాళ్ళూ తక్కువే. ఒకరు ఆవిరి పట్టమంటారు, ఒకరు మిరియాల కషాయం తాగమంటారు, ఇంకొకరు జలనేతి (ఒక ముక్కుపుటంలో ఉప్పునీళ్ళు పోసి రెండోదాన్నుంచి వదలడం) చేయమంటారు. ఇవన్నీ ఒకే పని చేయవు. దిబ్బడ వేసిన ముక్కుకి హాయినిచ్చేది కారే ముక్కుని ఇంకా కార్పిస్తుంది. అందుకే ముందు ముక్కు ఏం చేస్తోందో చూసుకోవాలి, మందు ఆ తర్వాత.

ముందు తేల్చుకోవాల్సింది

"నాకు సైనస్ ఉంది" అంటుంటాం. సైనస్‌లు అందరికీ ఉంటాయి. అవి ఎముకల్లో ఉండే గాలి గదులు: నుదుటి వెనక, బుగ్గల వెనక, కళ్ళ మధ్య, ముక్కుకి బాగా వెనక, మొత్తం నాలుగు జతలు. వాటి లోపలి పొర నుంచి రోజంతా పల్చటి జిగట ఊరుతూనే ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నటి నూగు దాన్ని ఊడ్చుకుంటూ చిన్న ద్వారాల గుండా ముక్కులోకి, అక్కణ్ణుంచి గొంతు వెనక్కి చేరుస్తుంది. మనకి తెలియకుండానే మింగేస్తాం. బుగ్గల వెనక గది ద్వారం అడుగున కాకుండా పైన ఉంటుంది. కూర్చున్నా నిలబడ్డా ఆ గదిలోది దానంతటది కిందికి జారిపోదు, నూగే పైకి తోయాలి. జలుబు చేసి ఆ ద్వారం వాచినా, జిగట చిక్కబడినా, నూగు చచ్చుబడినా గది నిండిపోతుంది. బాధ అక్కడే మొదలవుతుంది.

నీళ్ళలా పల్చగా కారుతూ, వరసగా తుమ్ములు వస్తూ, కళ్ళు, అంగిలి దురద పెడుతుంటే అది ఎక్కువగా ఎలర్జీ. చిక్కటి గళ్ళ (కఫం) గొంతు వెనక అంటుకుని రాత్రి దగ్గు తెప్పిస్తుంటే, జలుబు తగ్గుముఖంలో ఉండవచ్చు, లేదా సైనస్‌లు సరిగా ఖాళీ కావడం లేదు. ముక్కు బిగుసుకుపోయి, బుగ్గలు బరువెక్కి, వంగితే నుదురు పోటెత్తితే ద్వారాలు వాచాయి. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులతో పాటు నుదురు కూడా పట్టేసినట్టు అనిపించేది ఈ మూడో రకం వాళ్ళకే. బయటి గాలి ఒత్తిడి మారుతుంటే మూసుకున్న గది దానితో సర్దుకోలేదు.

సైనస్ అనుకుని నెలల తరబడి పొరపడేవి రెండున్నాయి. ఒకటి కడుపులో ఆమ్లం గొంతుదాకా ఎగదన్నడం. ముక్కు శుభ్రంగానే ఉంటుంది, గొంతులో మాత్రం గళ్ళ ఉన్నట్టు ఉంటుంది, తిన్నాక, పడుకున్నాక ఎక్కువవుతుంది. వీళ్ళు మిరియాలు, శొంఠి కషాయం తాగేకొద్దీ బాధ పెరుగుతుంది. రెండోది బీపీ మాత్ర. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడేవాళ్ళలో కొందరికి గొంతులో గరగరతో పొడిదగ్గు వస్తుంది. దానికి ఇంటి వైద్యం లేదు. మాత్ర సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకే చెప్పి మార్పించుకోవాలి.

ఉప్పునీళ్ళు: మొదట ఎంచుకోవాల్సింది ఇదే

మూడు రకాల బాధలకీ ఏదో ఒక మేర పనికొచ్చేది ముక్కుని ఉప్పునీళ్ళతో కడగడం. ఎలర్జీ రేణువుల్ని బయటికి తోస్తుంది, చిక్కటి జిగటని పల్చన చేస్తుంది, ఎండిన పొక్కుల్ని వదిలిస్తుంది. మందు కాదు కాబట్టి గర్భిణులూ చేసుకోవచ్చు. నీళ్ళు బయటికి వచ్చేస్తాయి కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు గురించి భయపడక్కర్లేదు. 2016లో వెలువడిన ఒక బ్రిటన్ పరిశోధనలో దీర్ఘకాలిక సైనస్ ఉన్నవాళ్ళ మీద ఉప్పునీళ్ళనీ ఆవిరినీ పక్కపక్కన పరీక్షించారు. కడుక్కున్నవాళ్ళకి కొంత మేలు కనిపించింది. ఆవిరి పట్టినవాళ్ళకి తలనొప్పి తగ్గడం తప్ప చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కొలత చాలా ముఖ్యం. లీటరు నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు మన కన్నీళ్ళ ఉప్పదనానికి దగ్గర. అంటే 250 మిల్లీలీటర్ల గ్లాసుకి రెండుంపావు గ్రాములు, మెత్తటి ఉప్పయితే టీస్పూనులో సగానికి కాస్త తక్కువ. దాంతో చిటికెడు వంటసోడా వేస్తే మంట తగ్గుతుంది, జిగట తొందరగా విడుతుంది. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళు పోస్తే ముక్కులోకి చెరువునీళ్ళు ఎక్కినట్టు చురుక్కుమంటుంది. ఒకసారి ఇలా జరిగినవాళ్ళు "ఇది నాకు పడదు" అని మానేస్తారు. తప్పు కొలతది. మంట తక్కువ ఉప్పుకీ వస్తుంది, ఎక్కువ ఉప్పుకీ వస్తుంది. వంటింటి త్రాసు ఉంటే ఒక్కసారి గ్రాముల్లో తూచి, అది మీ స్పూనుకి ఎంత వస్తుందో గుర్తుపెట్టుకోండి.

ఏ ఉప్పు? ప్యాకెట్ అయోడిన్ ఉప్పు ప్రమాదం కాదు, అయితే కొందరికి ముక్కు మండుతుంది. గడ్డకట్టకుండా కలిపే పొడి కూడా అందులో ఉంటుంది. కల్లుప్పు వాడితే రెండు జాగ్రత్తలు. స్పూనుతో కొలిస్తే పలుకుల మధ్య ఖాళీ వల్ల ఉప్పు తక్కువ పడుతుంది, కాబట్టి దంచి పొడి చేశాకే కొలవాలి. మట్టి, ఇసుక ఉంటుంది కాబట్టి నీళ్ళలో కరిగించి, ఉతికిన పల్చటి గుడ్డలో వడగట్టి, ఆ తర్వాత మరిగించాలి. ఇదంతా ఎందుకనుకుంటే మందుల షాపులో ముక్కు కడిగే పొడి ప్యాకెట్లు దొరుకుతాయి. 0.9 శాతం నార్మల్ సెలైన్ సీసా కూడా పనికొస్తుంది. అది సూక్ష్మక్రిములు లేనిది కాబట్టి కాచే పని లేదు, మూత తీశాక మాత్రం 24 గంటల్లో వాడేయాలి.

నీళ్ళ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. బోరునీళ్ళు, మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు, ఇంటికి తెప్పించుకునే ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు, ఇంట్లో ఫిల్టరు నీళ్ళు, ఏవైనా సరే నేరుగా ముక్కులో పోయకూడదు. తాగడానికి పనికొచ్చిన నీళ్ళు ముక్కుకి పనికిరాకపోవచ్చు. కడుపులో ఆమ్లం చంపేసే క్రిమి ముక్కులో బతికి మెదడుకి చేరగలదు. నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా అలాంటిదే. 2011లో అమెరికాలోని లూసియానాలో కాచని కుళాయి నీళ్ళతో నేతి చేసుకున్న ఇద్దరు దానివల్ల చనిపోయారు. 2024, 2025లో కేరళలో అమీబా మెదడువాపు కేసులు వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. ఇది చాలా అరుదు, వస్తే మాత్రం బతకడం కష్టం. తప్పించుకోవడం సులువు కూడా. నీళ్ళు తెర్లి, పెద్ద బుడగలు వచ్చాక కనీసం ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి. రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు. తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లే కాబట్టి కొండ మీదైనా ఒక నిమిషం సరిపోతుంది. మరిగించిన గిన్నెలోనే మూతపెట్టి చల్లారనివ్వండి. ఇంకో చెంబులోకి మార్చడం, చల్లారిందా అని వేలు ముంచడం, ఆత్రపడి పచ్చినీళ్ళు కలపడం, ఈ మూడింటిలో ఏది చేసినా కాచిన ఫలితం పోతుంది. మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుంటే గోరువెచ్చగా, వేడో చల్లనో తెలియనట్టు ఉండాలి.

దేంతో కడగాలి అన్నది తర్వాతి ప్రశ్న. నేతి పాత్ర నిదానంగా, నీళ్ళ బరువుతోనే పనిచేస్తుంది. ఎలర్జీకి, రోజువారీ శుభ్రానికి బాగుంటుంది. తల వంపు కుదరడానికి నాలుగైదు సార్లు పడుతుంది. నొక్కే సీసా కాస్త ఒత్తిడితో పంపుతుంది కాబట్టి చిక్కటి గళ్ళకి ఇదే మెరుగు, తల ఎక్కువ వంచక్కర్లేదు కాబట్టి మెడనొప్పి ఉన్నవాళ్ళకీ ఇదే వీలు. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజి అన్నింటికన్నా చవక, పదిసార్లు నింపుకోవాలి అంతే. దాన్ని జోరుగా నొక్కితే నీళ్ళు చెవిలోకి పోతాయి. సెలైన్ చుక్కలు, స్ప్రేలు లోపలిదాకా కడగవు. పసిపిల్లలకి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకి, ముక్కు ఎండి పొక్కులు కట్టేవాళ్ళకి మాత్రం అవి సరైనవి. రాగి నేతి పాత్ర ముచ్చటగా ఉంటుంది కానీ ఉప్పు రాగిని తింటుంది, లోపల పచ్చటి చిలుము పడుతుంది. స్టీలుదో పింగాణీదో తీసుకోండి.

చేసే పద్ధతి ఇలా. బేసిన్ మీదికి నడుము నుంచి వంగి, తలని ఒక పక్కకి తిప్పి, నోరు తెరిచి నోటితోనే గాలి పీలుస్తుండాలి. పైకి ఉన్న ముక్కుపుటంలో కొన ఆనించి పోస్తే కిందిపుటం నుంచి వస్తాయి. గొంతులోకి వస్తే గడ్డం కాస్త దించండి, మింగకుండా ఉమ్మేయండి. పోస్తున్నప్పుడు మాట్లాడినా, మింగినా చెవుల్లోకి ఎక్కుతాయి. ఒక్కో పక్క 100 నుంచి 120 మిల్లీలీటర్లు చాలు. అయ్యాక చాలామంది తప్పు చేసేది చీదడంలో. రెండు పుటాలూ బిగపట్టి గట్టిగా చీదితే మిగిలిన నీళ్ళు, గళ్ళ చెవి మార్గంలోకి దూరతాయి. నోరు తెరిచి, వంగి, తలని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి, పుటాలు మూయకుండా మెల్లగా ఊదండి. బుగ్గల గదిలో దాగిన నీళ్ళు అరగంట తర్వాత చెప్పులేసుకోవడానికి వంగినప్పుడు బొటబొటా కారవచ్చు, కంగారు పడక్కర్లేదు. ఇందువల్లే పడుకునే ముందు కాకుండా కనీసం గంట ముందు చేసుకోవాలి.

బాధ ఉన్నన్నాళ్ళు రోజుకి ఒకటి రెండుసార్లు చాలు. బాగా చిక్కగా ఉంటే మూడు నాలుగు రోజులు గ్లాసుకి ముప్పావు టీస్పూను ఉప్పు వేసి చూడొచ్చు, కాస్త మండుతుంది, వాపు లాగేస్తుంది. రెండు పక్కలా పూర్తిగా మూసుకుపోయి ఉంటే బలవంతంగా పోయొద్దు. ముందు ఆవిరి పట్టి, కాస్త తెరుచుకున్నాక కడగాలి. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు, ఈమధ్యే ముక్కుకి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరుని అడగకుండా చేయకూడదు. సీసానో పాత్రనో ప్రతిసారీ కడిగి బోర్లించి పూర్తిగా ఆరనివ్వాలి. ప్లాస్టిక్ సీసాని టూత్‌బ్రష్‌లాగే మూడు నెలలకోసారి మార్చేయండి.

ఆవిరి: ఎవరికి, ఎంత

ఆవిరి సైనస్‌ని ఖాళీ చేయదు. బిగుసుకున్న ముక్కుని కాసేపు వదులు చేస్తుంది, నుదుటి నొప్పిని తగ్గిస్తుంది, ఎండిన గొంతుని తడుపుతుంది. ఆ హాయి అరగంటో గంటో ఉంటుంది. పల్చగా కారే ఎలర్జీ ముక్కుకి దీనివల్ల ఒరిగేది లేదు, కొందరికి ఇంకా ఎక్కువ కారుతుంది.

గిన్నె, దుప్పటి పద్ధతిలో ఆసుపత్రికి చేర్చేది సైనస్ కాదు, వేడినీళ్ళు. మంచం మీద ఒళ్ళో గిన్నె పెట్టుకుని తొడలు కాల్చుకునేవాళ్ళు ఎక్కువ. గిన్నెని పొయ్యి మీంచి దించి, కదలని నేల మీదో గోడకి ఆనించిన బల్ల మీదో పెట్టి, రెండు నిమిషాలు ఆగి, ముఖానికీ నీళ్ళకీ మధ్య మూరెడుకి కాస్త తక్కువ దూరం ఉంచి పట్టాలి. కళ్ళు మూసుకోవాలి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు, రోజుకి రెండుసార్లు. పిల్లల్ని దుప్పటి కింద కూర్చోబెట్టి గిన్నె ఆవిరి అసలే పట్టించకండి. వేడినీళ్ళ స్నానం చేసిన బాత్‌రూములో తలుపు వేసి పది నిమిషాలు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే అదే ఫలితం, కాలే భయం లేకుండా వస్తుంది.

నీళ్ళలో ఏం వేయాలి? వావిలాకు మన వైపు చెరువుగట్ల మీద, వంకల పక్కన దొరుకుతుంది. గుప్పెడు ఆకు వేసి మరిగిస్తే ఘాటు బాగుంటుంది. కర్పూరవల్లి ఆకు నాలుగైదు చాలు. నీలగిరి తైలం లీటరుకి రెండు మూడు చుక్కలకి మించితే కళ్ళు మండుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఛాతీ పట్టేస్తుంది, వాళ్ళు వట్టి నీళ్ళ ఆవిరితో సరిపెట్టుకోవాలి. ఈ ఆకులూ తైలాలూ ముక్కు తెరుచుకున్నట్టు అనిపింపజేస్తాయి. అసలు పని చేసేది వేడీ తేమే.

ప్లాస్టిక్ కరెంటు వేపరైజరు గిన్నెకన్నా నయం, ఒలికి కాలే ప్రమాదం తక్కువ. ఒక చిక్కుంది. చవక వేపరైజర్లలో కరెంటు నేరుగా నీళ్ళ గుండా పారి వేడెక్కిస్తుంది. ఫిల్టరు నీళ్ళు, క్యాను నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి వాటిలో ఆవిరి సరిగా రాదు, మిషను చెడిపోయిందనుకుంటారు. బోరునీళ్ళు పోస్తే ఇట్టే వస్తుంది, కొన్నాళ్ళకి లోపలి రేకులకి తెల్లటి పొర గడుతుంది. ఫిల్టరు నీళ్ళే వాడాలంటే రెండు మూడు ఉప్పు పలుకులు చాలు, ఎక్కువ వేస్తే పొంగి చిమ్ముతుంది. ప్లగ్ తీయకుండా మూత తెరవడం, నీళ్ళు పోయడం ప్రాణం మీదికి తెస్తుంది.

బుగ్గల నొప్పి ఎక్కువగా ఉండి ఆవిరి పడనివాళ్ళకి వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు నుదురు, ముక్కు, బుగ్గల మీద ఐదు నుంచి పది నిమిషాలు పరిస్తే చాలా సుఖం. నుదుటికి శొంఠి గంధం పట్టు వేసే అలవాటుంది. నొప్పిని మరిపిస్తుంది, కాకపోతే సున్నితమైన చర్మం కమిలిపోతుంది, రాత్రంతా ఉంచితే బొబ్బలెక్కుతుంది. పది నిమిషాల్లో కడిగేయండి.

కషాయం, చారు, తేనె

ఇవి గొంతు మందులు, ముక్కు మందులు కావు. అలా అనుకుని తాగితే ఎంతో ఉపయోగం. 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కచ్చాపచ్చాగా దంచిన ఐదారు మిరియాలు, అరంగుళం అల్లం లేదా పావు టీస్పూను శొంఠి, ఏడెనిమిది తులసి ఆకులు వేసి, 200 మిల్లీలీటర్లకి మరగనిచ్చి వడగట్టండి. ఇది ఇద్దరికి ఒక పూట, ఒక్కరికైతే రెండు పూటలు. అంతకు మించి తాగితే గుండెల్లో మంట, దాంతో గొంతులో గళ్ళ ఉన్న భావన మళ్ళీ మొదటికి. అతిమధురం వేస్తే గొంతుకి హాయిగానే ఉంటుంది, వరసగా రోజులు వాడితే బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు వేసుకోకూడదు. అడ్డసరం ఆకు గర్భిణులకి వద్దు. షుగరు ఉన్నవాళ్ళు తాటిబెల్లం మంచిదే కదా అని వేసుకుంటారు, రక్తంలో చక్కెరని అది కూడా పెంచుతుంది.

మిరియాల చారుతో వేడన్నం తింటే ముక్కు వదిలిపోతుంది. కారం, మిరియాలు ముక్కు పొరని రెచ్చగొట్టి పల్చటి నీళ్ళు ఊరేలా చేస్తాయి. దిబ్బడ ఉన్నవాళ్ళకి అది వరం. భోజనానికి కూర్చోగానే ముక్కు కారేవాళ్ళకి, ముఖ్యంగా పెద్దవయసు వాళ్ళకి, అదే బాధని పెంచుతుంది. వాళ్ళకి వట్టి వేడినీళ్ళు, పల్చటి పెసరకట్టు మేలు.

రాత్రి దగ్గుకి తేనె మంచి ఎంపిక. పడుకునే ముందు ఒక టీస్పూను. ఏడాది నిండని పసివాళ్ళకి నాలుకకి రాయడం కూడా కూడదు, బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలు తేనెలో ఉండొచ్చు. పసుపు పాలు గొంతుకి వెచ్చగా ఉంటాయి, అంతే. పాలు, పెరుగు తింటే గళ్ళ పెరుగుతుందన్నది మాత్రం నిజం కాదు. పాలు లాలాజలంతో కలిసి కాసేపు చిక్కగా అనిపిస్తాయి, కొత్తగా గళ్ళ ఊరదు. పడిశం పట్టిన బిడ్డకి పెరుగన్నం మాన్పించి ఆకలితో ఉంచనక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసి అప్పుడే పెట్టకపోతే చాలు. గొంతు గరగరకి గ్లాసు వేడినీళ్ళలో అర టీస్పూను ఉప్పు వేసి పుక్కిలించడం కషాయానికి ఏమాత్రం తీసిపోదు.

వద్దనే చెప్పాల్సినవి

ముక్కులో నూనె. పసిబిడ్డకి తలంటేటప్పుడు ముక్కులో ఆముదమో కొబ్బరినూనో చుక్క వేయడం ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి, దగ్గుతో కూడా బయటికి రాని నిమ్ము తెస్తుంది. అది నయం కావడానికి నెలలు పడుతుంది. దయచేసి ఆపించండి, పెద్దవాళ్ళు నొచ్చుకున్నా సరే.

కర్పూరం కూడా అంతే. గుడ్డలో మూటగట్టి బిడ్డ మెడకి కట్టడం, ఛాతీకి రాయడం రెండేళ్ళలోపు పిల్లలకి ప్రమాదం. పొరపాటున నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్ళకి అమృతాంజనం, విక్స్ లాంటి బామ్‌లు ముక్కు కింద కాకుండా ఛాతీకి, మెడకి రాసుకుంటే నిద్ర పట్టడానికి సాయం. వాటిలోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాలని తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది, వాపు మాత్రం అలాగే ఉంటుంది. సాంబ్రాణి పొగ, కాల్చిన పసుపుకొమ్ము పొగ పీల్చడం వాచిన పొరని ఇంకా రేపుతుంది. వెల్లుల్లి రెబ్బల్ని ముక్కుపుటాల్లో దోపుకుని తీయగానే ధారలా కారే వీడియోలు చూసి మోసపోవద్దు. లోపల ఉన్నది బయటికి రావడం కాదది, మంటకి అప్పటికప్పుడు ఊరింది.

మందుల షాపులో దొరికే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు ఐదు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు. అంతకు మించితే చుక్క వేస్తేనే తెరుచుకునే స్థితికి ముక్కు అలవాటు పడిపోతుంది, మందు వల్లే దిబ్బడ మొదలవుతుంది. నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఉప్పునీళ్ళ మీదికి మారి, డాక్టరు సాయంతో మానుకోవాలి.

మీ పరిస్థితికి ఏది

తుమ్ములు, నీళ్ళ ముక్కు ఉంటే: బయటి నుంచి వచ్చాక ఉప్పునీళ్ళు, గోడల బూజు తుడిపించడం, ఊడ్చేటప్పుడు, వేరుశనగ దులిపేటప్పుడు మాస్కు. ఆవిరి, మిరియాలు పక్కనపెట్టండి. రెండు వారాలకి లొంగకపోతే డాక్టరు రాసే స్టీరాయిడ్ స్ప్రే అవసరమవుతుంది. దాని ఫలితం ఒకటి రెండు రోజుల్లో కాదు, వారం పది రోజులకి పూర్తిగా తెలుస్తుంది.

చిక్కటి గళ్ళ, రాత్రి దగ్గు ఉంటే: సాయంత్రం నొక్కే సీసాతో కడగడం, పడుకునేముందు తేనె, తలవైపు మంచం కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టి ఎత్తు పెంచడం. రెండు దిండ్లు పెడితే మెడ మాత్రమే వంగుతుంది, ఇటుకలైతే నడుము పైభాగమంతా ఎత్తవుతుంది, ఆమ్లం ఎగదన్నేవాళ్ళకీ పనికొస్తుంది. ఒక పక్క మాత్రమే బరువుగా ఉంటే ఆ పక్క పైకి వచ్చేలా ఒత్తిగిలి పడుకోండి. బుగ్గ గది ద్వారం పైన ఉంటుందన్నది ఇక్కడ అక్కరకొస్తుంది. నిద్రమాత్రలా పనిచేసే పాతకాలపు జలుబు మాత్రలు గళ్ళని ఇంకా చిక్కబరుస్తాయి, ఈ రకానికి అవి నప్పవు.

దిబ్బడ, ముఖం నొప్పి ఉంటే: ముందు ఐదు నిమిషాల ఆవిరి లేదా వేడి తువ్వాలు, వెంటనే ఉప్పునీళ్ళు, నొప్పికి పారాసిటమాల్. నోటితో గాలి పీలుస్తూ అలిపిరి మెట్లెక్కితే గొంతు ఎండి గళ్ళ మరింత అంటుకుంటుంది. మొక్కు ఉంటే తెల్లవారుజామున మంచులో కాకుండా ఎండపొడ వచ్చాక, ముక్కు కడుక్కుని, నీళ్ళ సీసాతో బయల్దేరండి.

పసిబిడ్డలకి: పాలు పట్టే ముందు ఒక్కో పుటంలో రెండు మూడు సెలైన్ చుక్కలు, నిమిషం ఆగి రబ్బరు బల్బుతో మెల్లగా లాగడం. అంతే, ఇంకేదీ వద్దు.

ఎప్పుడు ఆగకూడదు

మామూలు జలుబు సైనస్ పది రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. గళ్ళ పచ్చగా, పసుపుగా మారిందని యాంటీబయాటిక్ మొదలుపెట్టక్కర్లేదు, వైరస్ జలుబులోనూ రంగు మారుతుంది. పది రోజులు దాటినా మెరుగు లేకపోయినా, తగ్గినట్టే తగ్గి ఐదారు రోజులకి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టినా, మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరంతో చీము కారుతున్నా చూపించుకోవాలి. పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలికం కింద లెక్క, కండ పెరిగిందా, దూలం వంకరగా ఉందా అని లోపల చూడాల్సిందే. పిల్లల్లో ఒక్క పక్కే కంపుకొట్టే చీము కారితే ముక్కులో చింతగింజో బటానీయో ఇరుక్కుని ఉండొచ్చు. పెద్దవాళ్ళలో అలాగే ఉంటే పై దవడ పన్ను పుచ్చిందేమో చూపించాలి. తలకి దెబ్బ తగిలాక ఒక పుటం నుంచి, వంగినప్పుడు, నీళ్ళలా తేటగా, ఉప్పగా కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. అప్పుడు కడగొద్దు, చీదొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

కన్ను చుట్టూ వాపు, చూపు రెండుగా కనబడటం, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం ఉంటే గంటలు లెక్క. షుగరు అదుపులో లేనివాళ్ళకి ముఖం ఒక పక్క నొప్పి, మొద్దుబారడం, ముక్కులో నల్లటి పొక్కులు కనిపిస్తే 2021లో రెండో కోవిడ్ విడత తర్వాత అందరూ భయపడ్డ బ్లాక్ ఫంగస్ అదే కావచ్చు. తెల్లారేదాకా కూడా ఆగకుండా తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్ళాలి. మిగతావాళ్ళు ఈఎన్‌టీ ఓపీకి వెళ్ళేటప్పుడు బాధ మొదలైన తేదీ, ఏ పక్క ఎక్కువ, తిన్నాకా పడుకున్నాకా పెరుగుతోందా అన్నది ఒక కాగితం మీద రాసుకుని, వాడుతున్న ముక్కు చుక్కల సీసా, బీపీ, షుగరు మాత్రల పట్టీలు వెంట తీసుకెళ్ళండి. మందు మార్చాలా, లోపల చూడాలా అన్నది డాక్టరు వీటిని బట్టే తొందరగా తేల్చగలరు.